ర్యాంకు చూసి ఇల్లు తీసుకోకండి: డాలస్‌కు వచ్చే వికారాబాద్, తాండూరు కుటుంబాలకు

వికారాబాద్ నుంచో, తాండూరు నుంచో పిల్లలతో డాలస్ వైపు కొత్తగా వచ్చే కుటుంబం ముందుగా తేల్చుకోవాల్సింది అద్దె ఇల్లు ఎక్కడన్నది. మన దగ్గర ఇల్లు ఒకచోట, బడి ఇంకోచోట ఉన్నా బస్సు పాసుతో గడిచిపోతుంది. ఇక్కడ సర్కారు బడిలో సీటు చాలావరకు చిరునామాను బట్టే వస్తుంది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఇర్వింగ్ పేరుకు ఒకే ఊరు. అందులో కొంత ఇర్వింగ్, కొంత కాపెల్, కొంత క్యారల్టన్–ఫార్మర్స్ బ్రాంచ్ స్కూల్ డిస్ట్రిక్టుల కిందికి వస్తుంది. రోడ్డు దాటితే డిస్ట్రిక్టు మారిపోవచ్చు. అందుకే చాలామంది ఇళ్ల యాప్ తెరిచి, బడికి పదికి ఎన్ని మార్కులున్నాయో చూసి, ఎక్కువ అద్దెకైనా ఒప్పుకుంటారు. ఆ ఒక్క అంకెను నమ్మి ఇల్లు తీసుకోవద్దని నా సలహా. బడిలో పిల్లలు ఏడాదికి ఎంత ముందుకు వెళ్తున్నారు, ఆ బడికి డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది అన్నవి ర్యాంకు కన్నా ముందు అడగాల్సిన ప్రశ్నలు.

ర్యాంకు ఎంత దాస్తుందో తెలియడానికి మన జిల్లా లెక్కే చాలు. పదో తరగతి ఫలితాల్లో 2023, 2024, 2025 మూడేళ్లూ వికారాబాద్‌ది రాష్ట్రంలో ఆఖరి స్థానం. జిల్లా ఉత్తీర్ణత వరసగా 59.46, 65.10, 73.97 శాతం. రాష్ట్రం మొత్తం మీద 86.60, 91.31, 92.78. అంటే రెండేళ్లలో రాష్ట్రం ఆరు పాయింట్లు పెరిగితే, వికారాబాద్ పద్నాలుగుకు పైగా పెరిగింది. రాష్ట్రంతో ఉన్న తేడా 27 నుంచి 19కి తగ్గింది. పత్రికల్లో మాత్రం మూడుసార్లూ ఒకటే వార్త: వికారాబాద్ ఆఖరు. నూటికి 26 మంది తప్పడం బాధాకరమే, దాన్ని కప్పిపుచ్చాల్సిన పని లేదు. కానీ నాపరాళ్ల గనుల్లో, కంది చేలలో కూలికి పోయే ఇళ్ల పిల్లలతో ఆ పద్నాలుగు పాయింట్లు దాటించిన టీచర్ల కష్టం ర్యాంకులో ఎక్కడా కనబడదు. అమెరికాలోనూ ఇదే జరుగుతుంది. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన షాన్ రియర్డన్ 2017లో చూపించిన లెక్క ప్రకారం షికాగో పిల్లలు మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఐదేళ్లలో ఆరేళ్ల చదువు నేర్చుకున్నారు. సగటు మార్కుల్లో ఆ డిస్ట్రిక్టు దేశంలో వెనకబడే ఉంది. సగటు మార్కు ఎక్కువగా చెప్పేది ఆ ఇళ్ల ఆదాయం గురించి, తల్లిదండ్రుల చదువు గురించి. బడి పనితనం తెలియాలంటే పిల్లల ఎదుగుదల చూడాలి.

ఇక్కడొక ప్రశ్న వస్తుంది. తెలంగాణలో సర్కారు బడులకు జీతాలిచ్చేది ఒకే ప్రభుత్వం కదా, మరి 2024లో నిర్మల్ జిల్లా 99 శాతం దాటితే వికారాబాద్ 65 దగ్గరే ఎందుకు ఆగింది, డబ్బుతో పనేముంది అని. అందరికీ ఒకే కొలతన ఇవ్వడం అవసరానికి తగ్గట్టు ఇవ్వడం కాదు. సమగ్ర శిక్షా కింద బడికొచ్చే వార్షిక గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి వస్తుంది. ఇంట్లో పుస్తకం పట్టుకుని కూర్చోబెట్టేవాళ్లు లేని పిల్లవాడికి అదనంగా కావాల్సిన గంటలు ఆ సంఖ్యలో ఉండవు. డబ్బు పని చేస్తుందనడానికి ఆధారమూ ఉంది. కిరాబో జాక్సన్, రక్కర్ జాన్సన్, క్లాడియా పెర్సికో 2016లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో, పన్నెండేళ్ల చదువు పొడవునా ఒక్కో పిల్లవాడి మీద ఖర్చు పది శాతం పెరిగితే పెద్దయ్యాక జీతం సుమారు ఏడు శాతం పెరిగింది. పేదింటి పిల్లలకు ఆ మేలు ఇంకా ఎక్కువ.

టెక్సస్ బడులకు డబ్బు ప్రధానంగా స్థానిక ఆస్తి పన్ను నుంచి, రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది. ఒక్కో విద్యార్థికి రాష్ట్రం నిర్ణయించిన మూల మొత్తం 2019 నుంచి 2025 దాకా 6,160 డాలర్ల దగ్గరే నిలిచిపోయింది. ధరలు ఆగలేదు. ఆస్తుల విలువ ఎక్కువున్న డిస్ట్రిక్టులు వసూలైన పన్నులో కొంత రాష్ట్రానికి కట్టాలన్న నియమం 1993 నుంచి ఉంది, జనం దాన్ని ‘రాబిన్ హుడ్’ అంటారు. కాపెల్ అలా కట్టే చిన్న డిస్ట్రిక్టు, పరీక్షల్లో మంచి పేరున్నదే. బడ్జెట్ లోటుతో అక్కడి స్కూల్ బోర్డు 2024 చివర్లో పింకర్టన్ ఎలిమెంటరీని మూసేయాలని తీర్మానించింది. మంచి మార్కులున్నంత మాత్రాన బడి నిలుస్తుందన్న హామీ లేదు. ఇంకో సంగతి: ఇక్కడ నిధులు రిజిస్టరులో పేర్లను బట్టి రావు, రోజువారీ హాజరు సగటును బట్టి వస్తాయి. సంక్రాంతికో పెళ్లికో నెల రోజులు ఊరికి తీసుకెళ్తే బడికి డబ్బు తగ్గుతుంది. పిల్లల హాజరు 90 శాతం కన్నా తగ్గితే ఆ క్లాసు క్రెడిటే చిక్కులో పడుతుంది. ప్రయాణాలు సెలవుల్లోనే పెట్టుకోండి.

వీసా మీద ఉన్నాం, ఓటు లేదు, రెండేళ్లలో ఎక్కడుంటామో తెలియదు, ఇవన్నీ మనకెందుకని కొందరంటారు. కానీ మీరు కట్టే అద్దెలో ఇంటి యజమాని ఆస్తి పన్ను కలిసే ఉంటుంది. బోర్డు సమావేశానికి ఎవరైనా వెళ్లొచ్చు, ముందుగా పేరిస్తే మాట్లాడొచ్చు. హక్కులూ ఉన్నాయి. వలస హోదా కారణంగా సర్కారు బడి పిల్లలను కాదనకూడదని 1982లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, ఆ కేసు టెక్సస్‌లోని టైలర్ ఊరిదే. ఇంగ్లీషు రాని పిల్లలకు బడి సాయం చేయాలన్నది 1974 నాటి తీర్పు. చేర్చేటప్పుడు ఇంటి భాష అడిగే ఫారంలో తెలుగు అని ఉన్నదున్నట్టు రాయండి. దాన్ని బట్టే పిల్లవాడి ఇంగ్లీషును పరీక్షించి, అవసరమైతే సాయం ఇస్తారు. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, జనన ధ్రువపత్రం, టీకాల రికార్డు, పాత బడి మార్కుల మెమో దగ్గర పెట్టుకోండి. ఇల్లు ఖాయం చేసుకునే ముందు ఆ చిరునామా ఏ బడి కిందికి వస్తుందో డిస్ట్రిక్టు ఆఫీసులోనే అడగండి. రాష్ట్రం ఇచ్చే గ్రేడులో ‘స్కూల్ ప్రోగ్రెస్’ భాగం విడిగా చూడండి. 2015 నాటి కేంద్ర చట్టం ప్రకారం ఒక్కో బడిలో విద్యార్థికి ఎంత ఖర్చవుతోందో బయటపెట్టాలి, ఆ అంకె చదవండి. బడులు మూసే ఆలోచన ఉందా అని బోర్డు తాజా బడ్జెట్లో వెతకండి. ఇందుకు ఒక సాయంత్రం చాలు. అద్దె ఒప్పందం మీద సంతకం ఆ తర్వాతే పెట్టండి.