గుంత తీయక ముందు

పెద్దవూర నుంచి నాగార్జునసాగర్ వైపు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళకు అటూ ఇటూ రాళ్ళు, ముళ్ళపొదలు, పొట్టి చెట్లు కనిపిస్తాయి. బోడి గుట్టలనుకుని డ్యామ్ చూడటానికి సాగిపోతారు. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఆ గుట్టల మీదే గడిచింది. అటవీ బ్లాకుల్లో, ఊరి మేత భూములైన బంచరాయిల్లో, చెరువు మునక నేలలైన శిఖాల్లో తనంతట తానుగా పెరిగే మొక్క ఏది, అందులో తగ్గిపోతున్నది ఏది, దేన్ని కాపాడితే తిరిగి వస్తుంది అని చూడటం నా పని. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు చెప్పవలసిన మాటలు కొన్ని మిగిలాయి. వాటిలో కొన్ని నాకు ఆలస్యంగా తెలిశాయి. ఆలోపు పోయిన చెట్లను ఇక తేలేం కనుక, నీకైనా ముందే తెలియాలని రాస్తున్నాను.

1. ఖాళీ భూమి కాగితం మీదే ఉంటుంది.

మన దేశంలో అడవుల లెక్క కట్టేటప్పుడు చెట్ల కొమ్మల నీడ నేలలో 10 శాతానికి తక్కువగా పడితే ఆ భూమిని అడవి కింద చూపరు, పొద నేల అంటారు. బంజరు భూముల పటాల్లో అదే పొద నేల పనికిరాని భూమిగా ఎక్కుతుంది. ఏడాదికి 700 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడి, అదీ చాలావరకు నాలుగు నెలల్లోనే కురిసి ఆగిపోయే చోట దట్టమైన నీడ ఎక్కడి నుంచి వస్తుంది? ఈ నేలకు తగ్గ అడవి ఇలాగే ఉంటుంది. చిరుమాను, బిల్లు, సోమి, నారేపి, మోదుగ, తునికి, గుంపెన, పాలకొడిసె; కింద బలుసు, కలివె, పరికి; వాటి మధ్య బోదగడ్డి. మార్చిలో చూస్తే చచ్చిపోయిందనిపిస్తుంది. అదే గుట్టను ఆరుద్ర కార్తెలో చూడు.

రాయి మారితే మొక్క మారుతుందని కూడా త్వరగా నేర్చుకో. హాలియా, నిడమనూరు వైపు గ్రానైటు మీద ఎర్ర చెల్క. లంబాపూర్, పెద్దగట్టు వైపు ఆ గ్రానైటు నెత్తిన బల్లపరుపుగా పేర్చినట్టున్న గట్టి ఇసుకరాయి. దామరచర్ల, మట్టపల్లి దాకా పోతే సున్నపురాయి. ఇసుకరాయి అంచుల్లో తపసి, కొండగోగు, అందుగ రాతి పగుళ్ళలో వేరు పోసుకుని నిలబడతాయి. రాళ్ళ మధ్య గడ్డిలో తొలకరికి వేలెడెత్తు మొక్కలు కొన్ని లేచి, కొద్ది వారాల్లో పూసి, మళ్ళీ దుంపలోకి దాక్కుంటాయి. బ్రాకిస్టెల్మాలు అలాంటివే. నల్లమల పేరే పెట్టుకున్న బ్రాకిస్టెల్మా కూడా ఒకటుంది. ఎండాకాలంలో సర్వే చేసి, 'ఇక్కడ చెప్పుకోదగ్గ మొక్కలేవీ లేవు' అని రాసే నివేదికకు అవి ఎప్పటికీ దొరకవు. లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతంలో యురేనియం తవ్వకాల మీద 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు జనం నీళ్ళ గురించి, ఆరోగ్యం గురించి భయపడ్డారు. ఆ భయం న్యాయమైనది. మొక్కల తరఫున మాట్లాడే గొంతు మాత్రం అలాంటి చోట ఎప్పుడూ సన్నగానే ఉంటుంది. ఆ గొంతు నీదే కావాలి. అందుకు నీ దగ్గర వానాకాలపు జాబితా ఉండాలి.

2. నేల కింద ఉన్న అడవిని ముందు లెక్కపెట్టు.

ఈ ఒక్క మాటే చెప్పి ఊరుకోమన్నా నాకు సమ్మతమే.

మా పక్క చెట్లు గింజను నమ్ముకుని బతికేవి కావు. చిరుమాను ఏటా బోలెడు గింజలు రాలుస్తుంది గానీ వాటిలో మొలిచేవి చాలా తక్కువ. నారేపి మంచి కాపు కాసేది మూడు నాలుగేళ్ళకొకసారి. అలా మొలిచిన నారేపి మొలక కూడా పైకి జానెడు లేచి, ఎండకు మాడి, మళ్ళీ చిగురించి, మళ్ళీ మాడి, ఏళ్ళ తరబడి అంతే ఎత్తులో ఉండిపోతుంది. ఆ ఏళ్ళన్నీ అది వేరును లోతుకు దించుకుంటూ ఉంటుంది. తునికి, మోదుగ వేళ్ళ మీదనుంచే పిలకలు వేస్తాయి. గొడ్డలి పడిన చోట, మేక కొరికిన చోట, మంట తగిలిన చోట మిగిలిన మోడుకు మనకంటే ఎక్కువ వయసుండవచ్చు. పైన కనిపించే మోకాలెత్తు పొదను చూసి దాని వయసు అంచనా వేయకు.

అప్పట్లో ప్లాంటేషన్ అంటే ముందు నేలను శుభ్రం చేయడం. పొదలు నరికించి, మోళ్ళు పెకలించి, వరుసగా గుంతలు తీయించి, సంచీల్లో పెంచిన మొక్కలు పెట్టించేవాళ్ళం. ఒక గుట్ట వాలులో అలాంటి పనికి జాగా ఎంచి, సంతకం పెట్టినవాణ్ణి నేనే. తండా నుంచి మేకలు తోలుకొచ్చే ఒక పెద్దావిడ గట్టు మీద కూర్చుని కాసేపు చూసింది. "ఈడ చెట్టు పెడ్తమంటున్రు గద సారూ, మరి ఉన్న చెట్టును తవ్వుతున్రేంది?" అని అడిగింది. పిల్లచెట్ల కోసం పొద తీయాలమ్మా అని చెప్పాను. ఆమె లేచొచ్చి, కూలీలు పెకలించిన ఒక మోడును కర్రతో తిప్పి చూపించింది. నా తొడంత లావు వేరు. నారేపిది. దానికి పైన ఉన్నవి నాలుగు పుల్లలు.

మేం పెట్టిన మొక్కలు రెండో ఎండాకాలానికి చాలావరకు ఎండిపోయాయి. వాటికి మళ్ళీ నిధులు వచ్చేవి, మళ్ళీ నాటేవాళ్ళం. ఆ వేరు మాత్రం మళ్ళీ రాదు. ఇన్నేళ్ళలో నాకు నిద్రపట్టకుండా చేసింది అదొక్కటే.

తర్వాత పద్ధతి మార్చాం. కొత్త జాగాకు పోతే పది మీటర్ల చదరంలో తాడు కట్టి, అందులో బతికున్న మోళ్ళు, వేరు పిలకలు, మొలకలు, ఏ జాతివి ఎన్ని అని లెక్కపెట్టేవాళ్ళం. వాలు మీద, పల్లంలో, రాతి పలకల మీద వేరువేరుగా. మోళ్ళు సరిపడా ఉంటే అక్కడ గుంత తీయాల్సిన అవసరమే లేదు. ఒక్కో మోడుకు నిటారుగా ఉన్న ఒకటి రెండు చిగుళ్ళు ఉంచి తక్కినవి కోయించాలి. మూడు నాలుగు వానాకాలాలు మేత ఆపాలి. నిప్పు రాకుండా చూడాలి. ఇంతే పని. దీనికి ఖర్చు తక్కువ, ఫొటో దిగడానికి ఏమీ ఉండదు. అందుకే దీన్ని ఒప్పించడం కష్టం.

3. నాటిన లెక్క వేరు, బతికిన లెక్క వేరు.

2015 జూలైలో తెలంగాణలో హరితహారం మొదలైంది. రాష్ట్రంలో పచ్చదనం 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలన్నది లక్ష్యం, 230 కోట్ల మొక్కలన్నది సంఖ్య. ఊరూరా నర్సరీ రావడం, సర్పంచి దగ్గర్నుంచి బడిపిల్లల దాకా మొక్క గురించి మాట్లాడటం నేను కళ్ళారా చూశాను, సంతోషించాను. కానీ పెద్ద సంఖ్య పెట్టుకున్నప్పుడు నర్సరీ తేలిగ్గా పెరిగేదాన్నే పెంచుతుంది. కోనోకార్పస్ అలాగే రోడ్ల మధ్యకు, ఊళ్ళలోకి వచ్చింది. తర్వాత దాన్ని పెంచవద్దని చెప్పాల్సి వచ్చింది. బలుసు, కలివె, బిల్లు, సోమి మొక్కలు కావాలంటే నర్సరీలో దొరకవు. వాటి గింజ ఏ నెలలో పండుతుందో, ఎవరు ఏరతారో, ఎన్నాళ్ళు నిల్వ ఉంటుందో ఏడాది ముందు ఆలోచించినవాడికే దొరుకుతాయి. నారేపి కాయ ఏప్రిల్, మే నెలల్లో పండుతుంది. కాపు కాసిన ఏడు చేతికందినంత ఏరుకోవాలి. ఆ ఏడు తప్పిపోతే ఎన్నేళ్ళు ఆగాలో చెట్టే చెప్పాలి.

4. బయటి నుంచి వచ్చినవన్నీ ఒక్క తీరు కావు.

సర్కారు తుమ్మ మన దేశానికి వచ్చిన తొలి చోట్లలో కడప జిల్లా కమలాపురం ఒకటి. 1877 ప్రాంతంలో వంటచెరకు కోసం జమైకా గింజ తెప్పించి అక్కడ వేశారు. ఇవాళ మిర్యాలగూడ కాలువ గట్ల నుంచి పెద్దవూర చెరువు శిఖాల దాకా అదే. పైన కొడితే మోడు నుంచి పది కొమ్మలు వేస్తుంది. వేరుతో తీయకపోతే తీసినట్టే కాదు. అయినా దాన్ని తిట్టేముందు ఒకటి ఆలోచించు. ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగింది దానితోనే. అది లేకపోతే ఆ గొడ్డలి బిల్లు మీద, చిరుమాను మీద పడేది. బొగ్గు బట్టీల మీద బతికే కుటుంబాలు మా జిల్లాలో ఇంకా ఉన్నాయి. గుట్టల మీద మంచి అడవిలోకి దూరిన సర్కారు తుమ్మను ముందు తీయాలి, ఊరి పక్కన వంటచెరకుగా కొట్టుకుంటున్నదాన్ని చివర చూడాలి. అన్నిచోట్లా ఒకేసారి మొదలుపెడితే ఎక్కడా పూర్తికాదు.

లాంటానా సంగతి వేరు. దాన్ని నరికితే ఇంకా గుబురవుతుంది. ఆచార్య సి.ఆర్. బాబు రూపొందించిన పద్ధతిలో, మొదలుకు కాస్త కింద, మట్టిలోపల ప్రధాన వేరును కోసి, పొదను తలకిందులుగా పడేస్తారు. అలా చేస్తే మళ్ళీ చిగురించదు. నేను చూసినంతలో మా నేలల్లో ఇదే నిలబడింది. కానీ పిట్టలు పండు తిని వాలే చెట్ల కింద రెండు మూడేళ్ళపాటు మొలకలు పీకుతూ ఉండాలి. ఆ డబ్బు మొదటి ఏడే అడిగి పెట్టుకోకపోతే మొత్తం పని వృథా.

ఇక సీతాఫలం. అదీ అమెరికా ఖండం నుంచి వచ్చిందే. దసరా రోజుల్లో గంపలు నెత్తిన పెట్టుకుని దిగే ఆడవాళ్ళను చూసి కూడా దాన్ని పీకమని రాసే శాస్త్రం నాకు రాదు. అది గడ్డిని, మోళ్ళను అణిచిపెట్టడం నేను చూడలేదు. పుట్టిన ఊరును బట్టి కాక, చేసే పనిని బట్టి మొక్కను తూచాలి.

5. మేకను తరిమి అడవిని తేలేవు.

కందకం తవ్వించి, వాచర్‌ను పెడితే మేతకు అడ్డం పడుతుందని నమ్మిన రోజులున్నాయి. కందకం వానకు పూడుతుంది, వాచర్‌కు నెలల తరబడి జీతం రాదు. 1990ల్లో ఊరివాళ్ళతో వన సంరక్షణ సమితులు వచ్చాక కొన్నిచోట్ల వేరే దారి కనిపించింది. గుట్టను మూడు నాలుగు ముక్కలు చేసి, ఒక ముక్క మూసి తక్కినవి తెరిచి ఉంచడం, ఏ ముక్క మూయాలో మందలు తోలేవాళ్ళనే నిర్ణయించమనడం. తమ మాట నిలబడిన చోట వాళ్ళే కాపలా కాశారు. మాట తప్పిన చోట రాత్రికి రాత్రి గేటు తెరుచుకుంది. వాళ్ళను నేను తప్పుపట్టలేదు.

నిప్పు కూడా అంతే. తునికాకు లేతగా రావాలని ఫిబ్రవరి, మార్చిలో కొమ్మ కొడతారు. కొట్టే శ్రమ తప్పించుకోవడానికి కొందరు నిప్పు పెడతారు. ఇప్పపూవు ఏరడానికి చెట్టు కింద ఆకులు కాలుస్తారు. కేసు రాసినందువల్ల నిప్పు ఆగడం నేను చూడలేదు. కొమ్మ కొట్టిన కూలి సకాలంలో చేతికందిన ఏడు నిప్పు తగ్గడం చూశాను.

6. రాయనిది పోయినట్టే.

కృష్ణకు అవతల మాచర్ల మద్రాసు రాజ్యంలో ఉండేది, ఇవతల పెద్దవూర నిజాం రాజ్యంలో. గాంబుల్ మొదలుపెట్టి, ఆయన పోయాక ఫిషర్ పూర్తిచేసిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాల గ్రంథం 1915 నుంచి 1936 దాకా వెలువడింది. అది నది దగ్గర ఆగిపోయింది. అవే గుట్టలు, అదే గాలి, కానీ ఒక ఒడ్డుకు శాస్త్రంలో పేరుంది, రెండో ఒడ్డుకు లేదు. ఆచార్య టి. పుల్లయ్య వంటివారు మన మొక్కల గ్రంథాలు తెచ్చేదాకా తెలంగాణలో పనిచేసేవాళ్ళం పక్క రాజ్యపు పుస్తకంతోనే నడిచాం.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరులో పునాది పడింది. మునగబోయే లోయలో 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, బయటపడిన ప్రాచీన కట్టడాలను కొండ మీదికి, అనుపు ఒడ్డుకు తరలించారు. అది గొప్ప పని. ఆ లోయ అడుగున, నది ఒడ్డున ఏ చెట్లుండేవో చెప్పే జాబితా కోసం నేను చాలా వెతికాను, నా చేతికి రాలేదు. మా కాలంలో దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రానికి వేల ఎకరాల అటవీ భూమి పోయింది. చట్టం ప్రకారం దానికి బదులు మరోచోట అడవి పెంచాలి. సున్నపురాయి దాపున పెరిగిన ముళ్ళ అడవికి బదులు చెల్క మీద వరుసగా నాటిన మొక్కలు ఎకరాల లెక్కకు సరిపోతాయి, జాతుల లెక్కకు సరిపోవు. ఆ తేడా చూపాలంటే పోయినదాని జాబితా కావాలి. కనుక చూసిన ప్రతి మొక్కకు తేదీ, చోటు, రాయి, పక్కనున్న మొక్కలు రాసుకో. కొమ్మ నొక్కి ఆరబెట్టి హైదరాబాదులో బొటానికల్ సర్వే వారి దక్కన్ కేంద్రానికి ఒకటి చేర్చు. ఊళ్ళో పిలిచే పేరు కూడా రాయి. అది చెప్పిన ముసలివాళ్ళు ఎక్కువ కాలం ఉండరు.

7. పూలకోసం వచ్చేవాళ్ళతో పని మొదలుపెట్టు, బిడ్డా.

తంగేడు రాష్ట్ర పుష్పం. బతుకమ్మ పండుగ దగ్గరపడితే మా ఊళ్ళ ఆడవాళ్ళు దానికోసం ఏటేటా ఇంకాస్త దూరం నడుస్తున్నారు. రోడ్లు వెడల్పయి అంచులు పోయాయి. చేన్లలో గడ్డి మందు కొట్టడంతో గునుగు తగ్గింది. ఎన్ని జాతులు అంతరిస్తున్నాయో సభల్లో చెబితే తలలూపిన జనం, తంగేడు ఎక్కడిదాకా పోతే దొరుకుతోందని అడిగితే గంటలు గంటలు మాట్లాడారు. ఏ గట్టు మీద ఉండేది, ఎవరు చదును చేశారు, ఎప్పటి నుంచి లేదు అన్నీ చెప్పారు. నా చదరాల లెక్కల కంటే పాత కాలం నాటి సమాచారం అది. బంచరాయిని కాపాడదాం అన్న మాట ఆ ఆడవాళ్ళ నోటే ముందు వచ్చింది.

తంగేడు తేవడానికి నర్సరీ అక్కర్లేదు. చలికాలంలో ఎండిన కాయలు కోసి గింజ తీసిపెట్టుకో. గింజ పొట్టు గట్టిది. మరిగించి దించిన నీళ్ళలో వేసి, చల్లారాక రాత్రంతా అలాగే ఉంచు. తొలకరి నిలకడగా పడ్డాక, ఎర్ర చెల్క అంచుల్లో, బంచరాయి గట్ల మీద, బోదగడ్డి లేని చోట పలుగుతో గీత గీసి వేలి గణుపు లోతున వేయి. మొదటి ఏడు గొడ్లు దాని జోలికి పెద్దగా రావు. రెండో ఏడు పూత మొదలవుతుంది. ఏ ఊరి గట్టు మీద వేశావో ఆ ఊరి ఆడవాళ్ళకు ముందే చెప్పిపెట్టు.