విందులో రుచి ఎక్కడుంది?

"మీరు మరచిపోలేని భోజనం ఏది?" అని ఎవరినైనా అడిగి చూడండి. కూరల పేర్లు చెప్పేవారు తక్కువ. ఎవరింట్లో, ఎవరి పక్కన కూర్చుని, ఎవరు వడ్డించగా తిన్నారో చెప్పేవారే ఎక్కువ. నాలుక మరచిపోయినదాన్ని మనసు ఎందుకు పట్టుకుని కూర్చుంటుంది? నాకు తోచినంతవరకు ఈ ప్రశ్నను ఇక్కడ విచారిస్తాను.

మొదట గది సంగతి. 1898లో పారిస్‌లో తన పేర హోటల్ తెరిచిన సీజర్ రిట్జ్, వంటశాలను ఎస్కోఫియే అనే మహా పాకశాస్త్రవేత్తకు అప్పగించి, తాను దీపాల వెలుగు అతిథుల ముఖాల మీద ఎలా పడుతున్నదో చూసుకునేవాడని ప్రసిద్ధి. మన హైదరాబాదు ఫలక్‌నుమా ప్యాలెస్‌లో 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల ఉంది. 2010 నుంచి ఆ ప్యాలెస్ హోటల్‌గా నడుస్తున్నది. చూసివచ్చినవారు ఆ బల్ల పొడవు గురించి చెబుతారే గాని, దానిమీద ఏం పెట్టారో చెప్పరు.

చెవికి కూడా రుచి తెలుసు. 2004లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ స్పెన్స్, ఆయన సహచరుడు జాంపిని ఒక ప్రయోగం ప్రకటించారు. బంగాళాదుంప చిప్స్ కొరికే చప్పుడును పెద్దది చేసి, తినేవారికే హెడ్‌ఫోన్లలో వినిపిస్తే, అవి మరింత తాజాగా, కరకరలాడుతున్నట్టు అనిపించాయట! మనకిదేమంత వింత కాదు. చప్పుడు చెయ్యని అప్పడాన్ని మనం ఏనాడైనా మెచ్చుకున్నామా?

రెండవది వడ్డన క్రమం. పూర్వం ఫ్రెంచి పద్ధతిలో అనేక వంటకాలు ఒక్కసారే బల్లమీద పరిచేవారు. 19వ శతాబ్దంలో రష్యన్ పద్ధతి వచ్చి, ఒకదాని తరువాత ఒకటి వేడిగా తెచ్చి పెట్టడం ఐరోపాలో వ్యాపించింది. మన విస్తరిలో ఈ రెండూ ఉన్నాయి. కూర, పచ్చడి, తీపి ముందే తమ తమ చోట్ల ఉంటాయి. పప్పు, పులుసు, చారు, పెరుగు మాత్రం వరసగా వస్తాయి. పక్కవాడు పెరుగన్నంలో ఉంటే మనం చారు దగ్గర తాపీగా ఉండలేం. పంక్తి మొత్తానికి ఒకటే నడక. ఆ నడకను కనిపెట్టి, అడక్కముందే మారు వడ్డించేవాడే అసలైన వడ్డనగాడు.

మూడవది ముగింపు. 1993లో మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞుడు డేనియల్ కానెమన్ బృందం కొందరిచేత 14 డిగ్రీల చన్నీటిలో ఒక నిమిషం చెయ్యి పెట్టించింది. మరొకసారి అదే నిమిషానికి ఇంకో అరనిమిషం చేర్చి, ఆ సమయంలో నీటిని ఒక్క డిగ్రీ వెచ్చబరిచింది. మళ్ళీ ఏది చేస్తారని అడిగితే, ఎక్కువమంది రెండవదాన్నే కోరుకున్నారు. బాధ మొత్తం మీద ఎక్కువే, కాని చివర కాస్త నయం! ఇది విందుల మీద చేసిన ప్రయోగం కాదు. అయినా భోజనం చివర తాంబూలం చేతిలో పెట్టి గుమ్మందాకా సాగనంపిన మన పెద్దలకు ఈ కిటుకు తెలియదని అనలేం.

సరే, వెలుగు, చప్పుడు, క్రమం, ముగింపు — వీటన్నిటినీ డబ్బు పోసి అమర్చవచ్చు. డబ్బుతో అమరనిది ఒకటుంది. అది నాకు పుస్తకంలో దొరకలేదు.

నేను ఎం.ఎ. చదివే రోజుల్లో, స్కాలర్‌షిప్ డబ్బు చేతికి రాగానే, పల్లె నుంచి వచ్చిన మా నాన్నను విశాఖలో ఒక పెద్ద హోటలుకు తీసుకువెళ్ళాను. తివాచీ పరిచిన భోజనాల గది గుమ్మం దగ్గర ఆయన అలవాటు చొప్పున చెప్పులు విడిచి, వాటిని చేత్తో పట్టుకుని నిలబడ్డారు. రెండు మూడు బల్లల వాళ్ళు తలలు తిప్పి చూశారు. ఒకరు నవ్వారు కూడా. నేనేం చేశాను? గబగబా నాలుగడుగులు ముందుకు వేశాను, ఆయనతో రానివాడిలాగ! ఇన్నేళ్ళయినా ఆ నాలుగడుగులు నన్ను వదల్లేదు.

అంతలో తెల్ల యూనిఫారంలో ఉన్న ఒక పెద్దవయసు సర్వరు ఎదురొచ్చాడు. "ఇలా ఇవ్వండి బాబుగారూ. అన్నం తినేచోటికి చెప్పులతో రాకూడదు కదండీ, మా ఇంట్లోనూ అంతే" అంటూ చెప్పులు అందుకుని, మా కుర్చీ పక్కనే పెట్టాడు. మెనూ కార్డు ఇవ్వకుండా, "అన్నం తెమ్మంటారా?" అని అడిగాడు. స్పూన్లు, ఫోర్కులు మాట లేకుండా తీసేశాడు. నాన్న హాయిగా చేత్తో కలుపుకు తిన్నారు. ఆ పూట ఏం కూరలు తిన్నామో నాకు గుర్తులేదు.

"పంక్తిలో వలపక్షం కూడదు" అంటారు మనవాళ్ళు. నెయ్యి ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ వెయ్యకూడదని మాత్రమే దీని అర్థం కాదు. మర్యాద కూడా సమానంగా వడ్డించాలి. ఆ మాట పుట్టిన ఈ నేలమీదే కొందరిని పంక్తిలోకే రానివ్వని రోజులున్నాయి. అలా బయట నిలబడినవారికీ ఆ విందులు గుర్తే. జ్ఞాపకం తీపినే కాదు, చేదునూ దాస్తుంది.

కనుక విద్యార్థి మిత్రులకు ఒక్క మనవి. రేపు మన హాస్టల్ డే విందుకు అలంకరణ తగ్గినా ఫరవాలేదు. మనకు ఏడాదంతా వడ్డించిన మెస్ కార్మికులను మొదటి పంక్తిలో కూర్చోబెట్టి మనం వడ్డిద్దాం.

మా నాన్న బతికినంతకాలం ఆ సర్వరును తలుచుకునేవారు. బిల్లు కట్టింది నేను. విందు ఇచ్చింది మాత్రం ఆయన.