యద్దనపూడి సులోచనారాణి

అనకాపల్లి జిల్లాలో కొండల చెంత నర్సీపట్నమను పట్టణము కలదు. అచ్చటినుండి చింతపల్లి మన్యమునకు ఘాటుదారి పోవును. ఆ పట్టణమునకు రైలుమార్గము లేదు. దాని పేరు ధరించిన 'నర్సీపట్నం రోడ్డు' అను స్టేషను సైతము ఊరికి చాల దూరమున నున్నది. ఇండ్లలో టెలివిజను లేని 1960వ దశకమున ఇట్టి ఊళ్లకు వినోదము కూర్చినవి రెండు: ఒకటి సినిమా, రెండవది పత్రిక. వార, మాసపత్రికలు రైళ్లలోను బస్సులలోను ఊళ్లకు చేరెడివి. ఒక ప్రతి ఒక యింటితో ఆగక చేతులు మారి వీధియంతయు తిరిగెడిది. పత్రిక రాగానే పెక్కుమంది మొదట తెరచినది ధారావాహిక నవల పుటయే. ఆ పుటలలో తెలుగు చదువరులు మిక్కిలి ప్రీతితో వెదకిన పేళ్లలో నొకటి యద్దనపూడి సులోచనారాణి.

కృష్ణా జిల్లాలోని కాజ గ్రామము ఆమె జన్మస్థలము. ఆమె తొలి కథ 'చిత్రనళినీయం' 1956వ సంవత్సరమున ఆంధ్ర సచిత్ర వారపత్రికలో అచ్చయ్యెను. అప్పటికామెకు ఇరువది యేండ్లైనను నిండలేదు. తరువాతి కాలమున ఆమె హైదరాబాదులో నివసించెను. 1960వ దశకపు నడుమ 'జ్యోతి' మాసపత్రికలో ఆమె నవల 'సెక్రటరీ' ధారావాహికముగా వెలువడెను. దానితో ఆమె పేరు ఇంటింట వినవచ్చెను. పుస్తకరూపమున ఆ నవల పలుమారులు ముద్రణ పొందెను.

'సెక్రటరీ' నవలలో నాయిక జయంతి. ఆమె ఉద్యోగము చేసి బ్రతుకు యువతి. నాయకుడు రాజశేఖరము ధనవంతుడు. అతనిని గూర్చి లోకులు పలువిధముల చెప్పుకొందురు. జయంతి మనస్సు అతనివైపు మొగ్గును. కాని అనుమానము వెనుకకు లాగును. ధనము తన్ను కొనజాలదని చూపవలెనను పట్టుదల ఆమెకు మెండు. ఆడపిల్ల కచ్చేరిలో ఉద్యోగము చేయుటయే వింతగా తోచిన కుటుంబములు ఆనాడు పెక్కు. అట్టి కాలమున జీతము తెచ్చుకొను యువతి కథకు నాయిక యగుట చదువరులకు క్రొత్తగాను ఇష్టముగాను ఉండెను.

సులభముగ చదువదగిన నవల సులభముగ పుట్టదు. పుస్తకము వ్రాయువాడు చివరి ప్రకరణము ముగించిన పిమ్మట మొదటి ప్రకరణమును దిద్దుకొనవచ్చును. ధారావాహిక రచయితకు ఆ వెసులుబాటు తక్కువ. నాయకుడు ఏకపుత్రుడని మొదటి భాగములో అచ్చయినచో, పదవ భాగములో అతనికి తమ్ముని కల్పించుటకు వీలులేదు. పత్రిక ఇచ్చు పుటలు ఇన్ని యని యుండును. భాగము వానికి మించరాదు, తగ్గరాదు. ప్రతి భాగము చివరను 'సశేషము' అను మాటకు ముందు చదువరి మనస్సులో ఒక ప్రశ్న మిగులవలెను. అది లేనిచో మరుసటి సంచిక కొరకు ఎవ్వరును ఎదురుచూడరు. ఆనాటి రచయిత్రులలో పెక్కుమంది గృహిణులు. ఇంట జ్వరమున్నను, చుట్టములు వచ్చినను, ముద్రణాలయము ఆగదు. వంటయిల్లు సర్దుకొని, పిల్లలను నిద్రపుచ్చి, మిగిలిన వేళలో పుటలు నింపుట వారి నిత్యకృత్యము.

ఆ నవలలకు లభించిన ఆదరణ అసామాన్యము. కొనలేనివారు అద్దెపుస్తకముల దుకాణములకు పోయి, రోజు అద్దె చెల్లించి తెచ్చుకొనిరి. రచయిత్రుల పుస్తకములు మిక్కిలిగ అమ్ముడుపోవుట చూచి కొందరు పురుషులు స్త్రీల పేర్లతో నవలలు వ్రాసిరి! సులోచనారాణి నవలలు చలనచిత్రములును అయ్యెను. 1973లో 'జీవన తరంగాలు', 'మీనా' చిత్రములు వచ్చెను. 'మీనా'కు దర్శకత్వము వహించినది నటి విజయనిర్మల. 1976లో 'సెక్రటరీ' చిత్రము వెలువడెను. అందు అక్కినేని నాగేశ్వరరావు, వాణిశ్రీ నటించిరి.

అయితే అందరును మెచ్చుకొనలేదు. ఈ నవలలలోని నాయకుడు అందగాడు, సంపన్నుడు, కారులో తిరుగువాడు. నిజజీవితమున అట్టివారు ఎందరుందురు? ఇవి బాలికల మనస్సులలో కలలు పెంచునే గాని బ్రతుకును చూపవని విమర్శకులు పలికిరి. ఈ మాటను త్రోసివేయరాదు. కారు వచ్చి తన వాకిట నిలుచునని చదువు మాని కూర్చుండు బాలికకు నవల మేలు చేయదు. కాని రెండవ వైపును చూడవలెను. చదువు నడుమ ఆగిపోయిన పెక్కుమంది స్త్రీలకు అక్షరములతో చెలిమి తెగకుండ నిలిపినవి ఇట్టి నవలలే. పఠనమను అలవాటు ఏర్పడిన పిదప చదువరి ఒక పుస్తకముతో ఆగడు. మరియొక దానిని వెదకును. అంతియే కాదు. జయంతి కథలో కారు నాయకునిది, ఆత్మగౌరవము నాయికది. కారు అందరికి దొరకదు. ఆత్మగౌరవము ఎవ్వరైనను అలవరచుకొనదగినది.

సులోచనారాణి 2018వ సంవత్సరము మే నెలలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున మరణించెను. అప్పటికి ఆమె తొలి కథ అచ్చయి అరువది రెండేండ్లు. అర్ధశతాబ్దము క్రిందటి ఆమె నవలలను నేటికిని చదువువారు కలరు. నర్సీపట్నమున నున్నను, నగరమున నున్నను, అట్టి నవలను మూసిన పిమ్మట చదువరి తన్ను తాను ఒక ప్రశ్న వేసికొనవలెను: "నేను ఈ కథలో దేనిని మెచ్చితిని? నాయకుని సంపదనా, నాయిక ధైర్యమునా?" ఆ ప్రశ్నకు నిజాయితీతో బదులు చెప్పుకొనువారికి ప్రేమకథ సైతము పాఠమగును.

ప్రశ్నలు

1. ధారావాహిక నవల వ్రాయుటలోని కష్టములెవ్వి?

2. ఈ నవలలపై విమర్శకులు పలికిన మాట యేది? దానికి ఈ పాఠమున చెప్పబడిన సమాధానమేమి?

3. మీరు చదివిన యొక కథలోని నాయికను గూర్చి పది వాక్యములు వ్రాయుడు.