30 క్రెడిట్లంటే ఎంత చదువు? విదేశీ సెమిస్టర్ ఎంచుకునే ముందు ఒక లెక్క

ఖరగ్‌పూర్‌లోని మథురాకాటిలో మా పిన్ని వాళ్లుంటారు. బెంగాల్ నాగపూర్ రైల్వేలో పని దొరుకుతుందని ఉత్తరాంధ్ర నుంచి వచ్చి, వర్క్‌షాపు చుట్టూ స్థిరపడిపోయిన తెలుగు కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి. పిన్ని కూతురు నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్‌లో ఫిజిక్స్ చదువుతోంది, ఇప్పుడు రెండో ఏడాది. మొన్న నేను వెళ్లేసరికి భోజనాల బల్ల మీద మూడు ప్రింటవుట్లు పరిచి ఉన్నాయి. ఒకటి జర్మనీలో ఒక సెమిస్టర్, ఇంకొకటి ఇంగ్లండ్‌లో ఒక సెమిస్టర్, మూడోది వేసవిలో 12 వారాల పరిశోధన ఇంటర్న్‌షిప్.

"అక్కా, జర్మనీలో సెమిస్టర్‌కి 30 క్రెడిట్లేనట. ఇంగ్లండ్‌లో 60 ఇస్తారు. ఇంగ్లండే మేలు కదా?" అంది.

బాబాయి రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తాడు. అప్పటిదాకా టీ తాగుతూ వింటున్నవాడు ఒకటే అడిగాడు: "అక్కడ చదివింది ఇక్కడ ఎక్కుతుందా?"

విదేశీ ప్రోగ్రాం ఎంచుకునే ప్రతి విద్యార్థీ మొదట వేసుకోవాల్సిన ప్రశ్న అదే. చాలామంది తిరిగొచ్చాకే వేసుకుంటారు.

అది రైల్వే మనిషికి సహజంగా తట్టే ప్రశ్న కూడా. శ్రీకాకుళం జిల్లా నౌపడ జంక్షన్ గుర్తుందా? పర్లాకిమిడి వైపు నుంచి వచ్చే నారోగేజ్ పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లు. మెయిన్ లైన్ బ్రాడ్‌గేజ్, 1676 మిల్లీమీటర్లు. ఆ దారి బ్రాడ్‌గేజ్‌గా మారేదాకా చిన్న బండిలో వచ్చిన సరుకు నౌపడలో దించి, లెక్కపెట్టి, పెద్ద బండికి ఎక్కించాల్సిందే. సరుకు మంచిదైతే సరిపోదు, దించుకునేవాళ్లు దాన్ని ఒప్పుకోవాలి. క్రెడిట్ బదిలీ కూడా ఇంతే.

ఇక గేజ్‌లు కొలుద్దాం. యూరప్‌లో వాడే ఈసీటీఎస్ పద్ధతిలో పూర్తి ఏడాది చదువుకు 60 క్రెడిట్లు. తరగతి, లాబ్, ఇంట్లో చదువు అన్నీ కలిపి ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటలు. బ్రిటన్‌లో ఏడాదికి 120, ఒక్కోటి దాదాపు 10 గంటలు. అమెరికాలో సాధారణంగా ఏడాదికి 30. మన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం ఏడాదికి 1200 గంటలు, 40 క్రెడిట్లు, అంటే ఒక్కోటి 30 గంటలు.

కాబట్టి '30 క్రెడిట్లు' అనే మాట అమెరికాలో ఏడాది చదువు, మన దగ్గర ముప్పావు ఏడాది, జర్మనీలో అర ఏడాది, బ్రిటన్‌లో పావు ఏడాది. జర్మనీ 30, ఇంగ్లండ్ 60 రెండూ ఒకటే సెమిస్టర్. మా పిల్ల ముఖం చిన్నబోయింది. బాబాయి నవ్వాడు.

అసలు చిక్కు దీని తర్వాతే వస్తుంది. జర్మనీలో 6 ఈసీటీఎస్ క్రెడిట్ల లాబ్ కోర్సు చేసి వచ్చిందనుకోండి. గంటల్లో చూస్తే అది 150 నుంచి 180 గంటలు, మన లెక్కలో 5 లేదా 6 క్రెడిట్లు. ఏడాదిలో వాటాగా చూస్తే 60లో 6, అంటే పదోవంతు. మన 40లో పదోవంతు 4. ఒకే కోర్సు, ఒకే కష్టం, రెండు జవాబులు. నాకు వాటా లెక్కే సబబనిపిస్తుంది. గంటలు ఎక్కడైనా కాగితం మీది అంచనాలే, ఏ విద్యార్థీ స్టాప్‌వాచ్ పెట్టుకుని చదవడు. కానీ నాకు ఏమనిపిస్తే ఏం, తేల్చేది మీ కాలేజీ విభాగం. అందుకే బయల్దేరక ముందే, అక్కడి ఏ కోర్సుకు బదులుగా ఇక్కడి ఏ పేపరు, ఎన్ని క్రెడిట్లు అన్నది రాతపూర్వకంగా తీసుకోవాలి. యూరప్ విశ్వవిద్యాలయాలు దీన్ని లెర్నింగ్ అగ్రిమెంట్ అంటాయి. విద్యార్థి, పంపే సంస్థ, చేర్చుకునే సంస్థ ముగ్గురూ సంతకం పెడతారు.

పేరు కలిస్తే పేపరు కలిసినట్టు కాదు. జర్మనీలో క్వాంటం మెకానిక్స్‌ను థియరీ కోర్సుల వరుసలో ఒక మెట్టుగా చెబుతారు, కింది మెట్లు ఎక్కి వచ్చారనే లెక్కతో మొదలుపెడతారు. పైగా అక్కడ ఇంగ్లిషులో నడిచేవి ఎక్కువగా మాస్టర్స్ కోర్సులు. బ్యాచిలర్స్ తరగతులు చాలాచోట్ల జర్మన్‌లోనే. విశ్వవిద్యాలయం వెబ్‌సైటు ఇంగ్లిషులో ఉంది కదా అని మోసపోకండి.

క్యాలెండర్ కూడా చూడాలి. జర్మనీ శీతాకాల సెమిస్టర్ తరగతులు అక్టోబరు మధ్యలో మొదలై ఫిబ్రవరి మధ్యదాకా సాగుతాయి. మన బేసి సెమిస్టర్ డిసెంబరుకల్లా ముగిసి, జనవరిలో సరి సెమిస్టర్ మొదలవుతుంది. అక్కడ ఒక సెమిస్టర్ చదివితే ఇక్కడ రెండింటికి కన్నం పడుతుంది. మా పిల్ల కాలేజీలో స్టాటిస్టికల్ మెకానిక్స్ సరి సెమిస్టర్‌లోనే చెబుతారు. తప్పితే మళ్లీ ఏడాదికే.

పైన నిబంధనలున్నాయి. యూజీసీ 2022లో తెచ్చిన నియమాల ప్రకారం ట్విన్నింగ్ ప్రోగ్రాంలో విదేశీ సంస్థ నుంచి వచ్చే క్రెడిట్లు మొత్తంలో 30 శాతానికి మించకూడదు. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లనుకుంటే 36, అంటే ఏడాది కన్నా కొంచెం తక్కువ. నాలుగేళ్ల 160కి 48. మామూలు సెమిస్టర్ మార్పిడి ట్విన్నింగ్ కాదు, దానికి మీ సంస్థ సొంత నియమం ఏమిటో విడిగా అడగాలి.

గేజ్ కలిస్తే ఎంత సులువో చెప్పడానికి ఈ రైల్వేతోనే ముడిపడిన ఒక తెలుగువాడు ఉన్నారు. వి.వి.గిరి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లారు. ఈస్టర్ తిరుగుబాటు జరిగిన 1916లో తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో న్యాయవాదిగా చేరిపోయారు. అప్పుడు ఐర్లండ్, మద్రాసు రెండూ ఒకే సామ్రాజ్యం కింద ఉన్నాయి, న్యాయ వ్యవస్థ అచ్చూ ఒకటే. ఐర్లండ్‌లో చూసిన ఉద్యమ రాజకీయాలకు ఏ క్రెడిట్లూ లేవు గానీ, 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించింది ఆయనే.

ర్యాంకుల సంగతి అడగనివాళ్లు లేరు. క్యూఎస్ ర్యాంకింగ్‌లో 2023 ఎడిషన్ దాకా విద్యావేత్తల అభిప్రాయానికి 40 శాతం బరువు, అధ్యాపక-విద్యార్థి నిష్పత్తికి 20. 2024 ఎడిషన్‌లో అవి 30, 10 అయ్యాయి. అక్కడి ప్రయోగశాలల్లో ఏమీ మారకపోయినా, బరువులు మార్చితే వరుస మారుతుంది. మూడో ఏడాది విద్యార్థి చేతికి పరికరం ఇస్తారా, లేక దూరం నుంచి చూపిస్తారా అన్నదానికి ఆ పట్టికలో ఒక్క శాతం కూడా లేదు.

ఆ లెక్కన మూడో ప్రింటవుట్ నాకు బాగా నచ్చింది. వేసవి ఇంటర్న్‌షిప్ మన సెమిస్టర్‌ను ముట్టుకోదు, క్రెడిట్ తగాదా దాదాపు ఉండదు, మంచి పథకాలు భృతి కూడా ఇస్తాయి. కానీ అర్హత నిబంధన మొదట చదవాలి. జర్మనీ సంస్థ డాడ్ నడిపే వైజ్ పథకం రెండు మూడు నెలల పరిశోధనకు భారతీయ విద్యార్థులను తీసుకుంటుంది, అయితే ఎంపిక చేసిన సంస్థల నుంచే. 1951లో హిజ్లీలో మొదలైన ఐఐటీ విద్యార్థికి తెరుచుకునే తలుపు, అదే ఊళ్లో డిగ్రీ కాలేజీ విద్యార్థికి తెరుచుకోకపోవచ్చు. సెర్న్ వేసవి కార్యక్రమానికి ఏ దేశం వాళ్లయినా దరఖాస్తు చేయవచ్చు, కానీ అప్పటికి కనీసం మూడేళ్ల విశ్వవిద్యాలయ చదువు పూర్తయి ఉండాలి. మా పిల్లకు ఇంకో ఏడాది ఆగాలి.

డబ్బు విషయం క్లుప్తంగా. రెండు సంస్థల మధ్య ఒప్పందం ఉంటే ఫీజు సాధారణంగా ఇక్కడే కడతారు. ఒప్పందం లేకుండా సొంతంగా వెళితే అక్కడి ఫీజు కట్టాలి. ఏజెంటు చెప్పే 'ఎక్స్ఛేంజ్' ఈ రెండింట్లో ఏదో అడగండి. జర్మనీ విద్యార్థి వీసాకు బ్లాక్డ్ అకౌంటులో చూపాల్సింది 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు. నెలకు 992 మాత్రమే తీసుకోనిస్తారు.

ఆ రాత్రే మా పిల్ల రెండు మెయిళ్లు రాసింది. జర్మనీ విభాగానికి వేసిన ప్రశ్న: ఈ మూడు కోర్సులు ఏ భాషలో చెబుతారు? సొంత విభాగానికి వేసినది: స్టాటిస్టికల్ మెకానిక్స్‌కు బదులు అక్కడి ఏ కోర్సు ఒప్పుకుంటారు, ఎన్ని క్రెడిట్లుగా?

జర్మనీ నుంచి రెండు రోజుల్లో జవాబొచ్చింది. రెండు కోర్సులు జర్మన్‌లో, లాబ్ మాత్రం ఇంగ్లిషులో. ఇక్కడి జవాబు ఇంకా రాలేదు. ఈలోగా ఇంటర్న్‌షిప్ దరఖాస్తు నింపేసింది. డ్యూటీ నుంచి రాగానే బాబాయి చెప్పులు విప్పుతూనే అడుగుతున్నాడట, "మెయిలొచ్చిందా?" అని.