జేసీ వైరస్‌కు గుమ్మంలోనే అడ్డుకట్ట

వైరస్ కణంలోకి ఊరికే చొరబడలేదు. కణం పైపొర మీద ఏదో ఒక గ్రాహకాన్ని పట్టుకోవాలి. ఆ గ్రాహకాన్ని ముందే మందుతో మూసేస్తే?

జేసీ వైరస్ విషయంలో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్నే పరీక్షించారు. 1971లో ఒక రోగి మెదడు కణజాలం నుంచి వేరుచేసిన ఈ వైరస్‌కు ఆయన పేరులోని పొడి అక్షరాలనే పెట్టారు. చాలామంది మూత్రపిండాల్లో ఇది ఏ హానీ చేయకుండా ఉండిపోతుంది. ఎయిడ్స్ వల్లనో, నటాలిజుమాబ్ వంటి మందుల వల్లనో రోగనిరోధక వ్యవస్థ బలహీనపడితే మాత్రం మెదడులో మైలిన్ పొరను తయారుచేసే ఆలిగోడెండ్రోసైట్లను చంపేస్తుంది. ఆ జబ్బే పీఎంఎల్: ప్రోగ్రెసివ్ మల్టీఫోకల్ ల్యూకోఎన్‌సెఫలోపతి.

మెదడులోని గ్లియల్ కణాల్లోకి వెళ్లడానికి వైరస్ 5హెచ్‌టీ2ఏ అనే సెరటోనిన్ గ్రాహకాన్ని వాడుకుంటుందని 2004లో తేలింది. మానసిక వ్యాధులకిచ్చే క్లోర్‌ప్రోమజిన్, క్లోజపిన్ ప్రయోగశాలలో ఆ సంక్రమణను తగ్గించాయి. పాత మందుకు కొత్త పని! ఉత్సాహంతో వైద్యులు అదే గ్రాహకాన్ని అడ్డుకునే మిర్టజపిన్‌ను రోగులకు ఇచ్చి చూశారు కానీ, కచ్చితమైన మేలు రుజువు కాలేదు. రోగనిరోధక శక్తిని తిరిగి నిలబెట్టడమే ఇప్పటికీ ప్రధాన మార్గం.

గ్రాహకాన్ని మూసేసే ఈ పద్ధతితో కలిపి గుర్తుంచుకోవాల్సింది మారవిరాక్. హెచ్‌ఐవీ చికిత్సకు 2007లో అమెరికాలో ఆమోదం పొందిన ఈ మందు అడ్డుకునేది వైరస్‌ను కాదు, మన కణాల మీది సీసీఆర్5 గ్రాహకాన్ని.