నూటికి ఐదుగురా, తొంభై ఐదుగురా?

ఈ గోడపత్రిక ముందు నిలబడ్డారు కాబట్టి, ముందు మీకొక లెక్క.

ఒక దేశానికి కొత్త జబ్బు రాబోతోంది. ఏమీ చెయ్యకపోతే 600 మంది చనిపోతారు. ప్రభుత్వం దగ్గర రెండు పథకాలున్నాయి. మొదటిది అమలు చేస్తే 200 మంది బతుకుతారు. రెండోది అమలు చేస్తే 600 మందీ బతకడానికి మూడింట ఒక వంతు అవకాశం, ఒక్కరూ బతకకపోవడానికి మూడింట రెండు వంతుల అవకాశం. మీరైతే ఏది ఎంచుకుంటారు? ఒక్క క్షణం ఆగి మనసులో అనుకోండి, తర్వాత కిందికి చదవండి.

ఈ ప్రశ్న నాది కాదు. ఆమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు విద్యార్థులను అడిగి, ఫలితాన్ని 1981లో ‘సైన్స్’ పత్రికలో అచ్చువేశారు. 72 శాతం మంది మొదటి పథకమే కావాలన్నారు. మీరూ అదే అనుకుని ఉంటారు, నేనూ అదే అనుకున్నాను. తర్వాత ఇంకో గుంపుకి ఇదే లెక్క మాటలు మార్చి ఇచ్చారు. మొదటి పథకంలో ‘400 మంది చనిపోతారు’. రెండోదానిలో ఎవరూ చనిపోకపోవడానికి మూడింట ఒక వంతు, 600 మందీ చనిపోవడానికి మూడింట రెండు వంతుల అవకాశం. ఈసారి మొదటిదానికి చెయ్యెత్తింది 22 శాతమే. మిగిలిన 78 శాతం మంది జూదానికే ఒప్పుకున్నారు.

600లో 200 మంది బతికితే 400 మంది పోయినట్టే కదా! లెక్క మారలేదు, చెప్పిన మాట మారింది. దీన్నే ఫ్రేమింగ్ అంటారు. ఒకే ఫోటోకి రెండు రకాల పటం కట్టించినట్టు. లాభంలా చెబితే మనం చేతిలో ఉన్నది పట్టుకుని భద్రంగా ఉంటాం, నష్టంలా చెబితే తెగించేస్తాం. పది రూపాయలు దొరికిన సంతోషం కన్నా పది రూపాయలు పోయిన బాధ పెద్దది అని కూడా అంటారు వాళ్ళిద్దరూ. ఈ పనికే కానెమన్‌కి 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ట్వెర్‌స్కీ 1996లోనే పోయాడు పాపం.

సైకాలజీ అలైడ్ క్లాసులో ఇది విన్నప్పుడు అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పోయిన ఏడాది మా అవ్వకి పిత్తాశయంలో రాళ్ళకి ఆపరేషన్ చెయ్యాలన్నారు. అవ్వకి షుగరు, వయసు కూడా ఎక్కువ. డాక్టరు నాతో తమిళంలో మాట్లాడుతూ మధ్యలో ఇంగ్లీషులో ‘ఫైవ్ పర్సెంట్ రిస్క్’ అన్నాడు. అవ్వకి తెలుగు తప్ప ఇంకో భాష సరిగా రాదు. ‘ఏమంటాడే పాపా?’ అని అడిగింది. ‘నూటికి తొంభై ఐదుగురు బాగైపోతారంట అవ్వా’ అన్నాను. ‘అయితే చేసేయమను’ అంది. నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ పటం కట్టింది నేనే.

ఆపరేషన్ బాగానే జరిగింది. అయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. డాక్టర్లు కూడా దీనికి అతీతులు కారట. 1982లో బార్బరా మెక్‌నీల్, ట్వెర్‌స్కీ మొదలైనవాళ్ళు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి ఆపరేషనా, రేడియేషనా అని అడిగారు. బతికేవాళ్ళ లెక్క చెబితే ఆపరేషన్ కోరుకున్నవాళ్ళు ఎక్కువ, చనిపోయేవాళ్ళ లెక్క చెబితే తక్కువ. రోగులే కాదు, డాక్టర్లు కూడా అలాగే జవాబిచ్చారు.

మరి ఆ సమయంలో మెదడులో ఏం జరుగుతుంది? 2006లో లండన్‌లో బెనెడెట్టో డి మార్టినో బృందం 20 మందిని స్కానర్‌లో పడుకోబెట్టి చూసింది. మొదట 50 పౌండ్లు మీవే అంటారు. తర్వాత ‘20 పౌండ్లు ఉంచుకోండి’ లేదా ‘30 పౌండ్లు పోగొట్టుకోండి’ అని ఒక ఖాయమైన దారి, పక్కనే ఒక జూదం. ‘ఉంచుకోండి’ అన్నప్పుడు దాదాపు 43 శాతం సార్లు జూదమాడారు, ‘పోగొట్టుకోండి’ అన్నప్పుడు దాదాపు 62 శాతం సార్లు. జనం మాట ఎటు లాగితే అటు పోయినప్పుడు అమిగ్డాలా చురుగ్గా ఉంది. కణతల లోపల బాదం గింజంత ఉండే భాగమిది, గ్రీకులో ఆ పేరుకి అర్థమే బాదం. మాటకి తక్కువగా లొంగినవాళ్ళలో నుదుటి వెనకుండే భాగాలు ఎక్కువ పని చేశాయి. దీన్నిబట్టి అమిగ్డాలా చెడ్డదని నేను అనుకోను. ప్రమాదం వాసన ముందుగా పట్టేది అదే కదా.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం 2012 నాటి ఒక పరిశోధన. షికాగో విశ్వవిద్యాలయంలో బోజ్ కైసర్ బృందం ఇలాంటి ప్రశ్నలే కొందరికి మాతృభాషలో, కొందరికి వాళ్ళు తర్వాత నేర్చుకున్న భాషలో ఇచ్చింది. మాతృభాషలో ఫ్రేమింగ్ ఎప్పటిలాగే పనిచేసింది. పరాయి భాషలో ఆ తేడా కనబడకుండా పోయింది! నేర్చుకున్న భాష మనసుకి కొంచెం దూరంగా ఉంటుంది కాబట్టి కావచ్చు అన్నారు.

మాలాంటి ఇళ్ళలో దీన్ని ఎలా లెక్కపెట్టాలి? అమ్మతో తమిళం, అవ్వతో తెలుగు, రెండూ నేర్చుకున్నట్టు గుర్తే లేదు. పుస్తకం పెట్టుకుని నేర్చుకున్నది ఇంగ్లీషే. ‘ఫైవ్ పర్సెంట్’ అని విన్నప్పుడు నాకేమీ అనిపించలేదు, అది పరీక్ష మార్కులా ఉంది. తెలుగులో చెప్పబోయేసరికి ‘ఐదు’ కాదు, ‘ఐదుగురు’ అనాల్సి వచ్చింది. ఐదుగురు అనగానే మంచం మీద ఐదుగురు అవ్వలు కనిపించారు. అందుకే నోరు తిరిగి తొంభై ఐదుగురి వైపు పోయింది.

వచ్చే నెల అవ్వ కంటి ఆపరేషన్ గురించి మాట్లాడడానికి మళ్ళీ వెళ్ళాలి. ఈసారి రెండు లెక్కలూ చెప్తాను. ఏది ముందు చెప్పాలన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేదు.