గదిలో హ్యూమిడిఫైయర్: కారే నీరు, పీల్చే గాలి



షికాగో వంటి ఊళ్లలో చలికాలపు గాలి సున్నాకు 10 డిగ్రీలు దిగువకు చేరినప్పుడు చాలా కొద్ది నీటి ఆవిరిని మాత్రమే మోయగలదు. అదే గాలిని ఇంట్లో హీటరు 20 డిగ్రీలకు పైగా వేడిచేసినప్పుడు దాని సాపేక్ష ఆర్ద్రత, అనగా ఆ వేడిలో గాలి పట్టగల ఆవిరిలో నిజంగా ఉన్న పాలు, 15 శాతం లోపుకు పడిపోతుంది. పసిబిడ్డ ముక్కు ఎండిపోయి రాత్రంతా నిద్రపట్టని అటువంటి ఇళ్లలో గాలికి తేమ చేర్చే హ్యూమిడిఫైయర్ అవసరమైన వస్తువే. అయితే అది బల్ల మీద నీరు కార్చడం మొదలుపెట్టినప్పుడు కింద ఒక గుడ్డ పరిచి ఊరుకోవడం ఎంతమాత్రం తగదు. కరెంటు తీగ ఉన్న చోట నీరు చేరడం ప్రమాదం గనుక ముందుగా ప్లగ్గు తీసి, ఆ తరువాతే యంత్రాన్ని ముట్టుకోవాలి.

లోపం ఎక్కడుందో తెలియాలంటే యంత్రం పనిచేసే తీరు తెలియాలి. ఎక్కువగా వాడుకలో ఉన్న అల్ట్రాసోనిక్ రకంలో, అడుగు భాగంలోని ఒక చిన్న బిళ్ల చెవికి వినపడనంత వేగంతో, సెకనుకు లక్షల సార్లు, కంపిస్తూ తన మీదున్న నీటిని సన్నని తుంపరగా మారుస్తుంది. వీటిలో చాలావాటికి నీటి ట్యాంకు, కోళ్లకు నీళ్లు పెట్టే బోర్లించిన డబ్బా వలెనే, తలకిందులుగా కూర్చుంటుంది. కింది పళ్లెంలో నీటిమట్టం ట్యాంకు మూతి కంటే దిగినప్పుడే ఒక గాలి బుడగ పైకి వెళ్లి, అంత మేరకు నీరు కిందికి దిగుతుంది. తక్కిన వేళల్లో బయటి గాలి పీడనమే లోపలి నీటిని నిలబెడుతుంది. కాబట్టి పళ్లెం పొంగి పొర్లుతున్నదంటే నీరు బయటికి వచ్చిన చోటు కంటే, గాలి లోపలికి దూరిన చోటును వెదకడమే సరైన పద్ధతి.

అందుకు పరీక్ష సులభమైనది. ట్యాంకు నిండా నీరు పోసి, మూత బిగించి, బోర్లించకుండా మూత పైకి ఉండేటట్లే ఒక పొడి కాగితం మీద కొంతసేపు నిలబెట్టాలి. యంత్రంలో పైభాగంగా ఉండే గోడ ఇప్పుడు అడుగున ఉండి నీటి బరువును మోస్తుంది గనుక, అక్కడ కంటికి కనపడని పగులున్నా కాగితం తడుస్తుంది. ఆ పరీక్షలో ట్యాంకు నెగ్గితే దానిని సింకు మీద బోర్లించి పట్టుకోవాలి. మొదట నాలుగు చుక్కలు పడి ఆగిపోతే లోపం లేదు. ధార ఆగకపోతే మూత మరలు అడ్డంగా బిగిసి ఉండవచ్చు, మూతలోని రబ్బరు వాషరు గట్టిపడి ఉండవచ్చు, లేక స్ప్రింగుతో మూసుకునే చిన్న వాల్వు చుట్టూ సున్నపు పొర పేరుకొని ఉండవచ్చు. నీటిలోని లవణాలు గట్టిపడి ఏర్పడే ఆ పొర, వైట్ వెనిగర్ కలిపిన నీటిలో అరగంట నాననిచ్చి మెత్తని బ్రష్షుతో తోమితే వదులుతుంది; తరువాత వాసన పోయేవరకు కడగాలి. పగిలిన ట్యాంకును జిగురుతో అతికించడం మాత్రం మంచిది కాదు, ఎందుకంటే ఆ జిగురు తగిలిన నీరే తుంపరై బిడ్డ ఊపిరిలోకి చేరుతుంది. ట్యాంకును మార్చడమే క్షేమం.

కారుతున్నట్లు కనిపించేదంతా కారడం కాదు. తుంపర వెలువడే గొట్టం గోడకో పరదాకో ఎదురుగా ఉన్నా, గదిలో తేమ మితిమీరినా, ఆ తుంపరే గాలిలో కలవకుండా బల్ల మీద నీరుగా నిలుస్తుంది. చదునుగా లేని బల్ల మీద పెట్టినా, నిండు ట్యాంకుతో యంత్రాన్ని ఒక చోటి నుంచి మరొక చోటికి జరిపినా పళ్లెం పొర్లుతుంది. తేమను కొలిచే హైగ్రోమీటరు ఒకటి గదిలో ఉంచి, ఆ తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండేటట్లు చూడాలి; కిటికీ అద్దాల మీద నీరు పడుతున్నదంటే యంత్రాన్ని ఆపవలసిన వేళ అయిందని గ్రహించాలి, ఎందుకంటే అంతటి తేమలో గోడలకు బూజు పడుతుంది.

కారడం కంటే పెద్ద విషయం నీటిలో ఏముందన్నది. అల్ట్రాసోనిక్ యంత్రం నీటిని మరిగించదు గనుక, అందులోని సూక్ష్మజీవులనూ లవణాలనూ తుంపరతోపాటే గాలిలోకి పంపుతుంది. సామాన్ల మీద పడే తెల్లని పొడి ఆ లవణాలదే. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ డిస్టిల్డ్ వాటర్ వాడమనీ, రోజూ ట్యాంకు ఖాళీ చేయమనీ, మూడు రోజులకొకసారి శుభ్రం చేయమనీ చెప్పడం అందుకే. దక్షిణ కొరియాలో ఈ యంత్రాల నీటిలో కలపడానికే క్రిమిసంహారక ద్రవాలు అమ్మేవారు. గర్భిణులూ పసిపిల్లలూ ఊపిరితిత్తులు దెబ్బతిని మరణించిన తరువాత, ఆ ద్రవాలే కారణమని 2011లో ఆ దేశ ఆరోగ్యాధికారులు తేల్చారు. మన ఇళ్లలో జలుబు చేసిన బిడ్డకు కర్పూరమో నీలగిరి తైలమో పట్టించే అలవాటున్నది; వాటినీ ట్యాంకులో కలపకూడదు. రెండేళ్ల లోపు పిల్లలకు కర్పూరం హానికరం, పైగా తైలాలు ట్యాంకు ప్లాస్టిక్‌నే పగలగొట్టి మళ్లీ కారేటట్లు చేస్తాయి.

ట్యాంకులో నీరు తప్ప మరేదీ వేయవద్దనీ, ఈ రాత్రి యంత్రం పెట్టేముందు ఒకసారి మూత విప్పి వాషరు చూడవలసిందనీ నా మాట.